అన్నం వేళకు బస్సు హారన్

నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకా. తక్కిన చదువంతా సూళ్లూరుపేట గ్రంథాలయంలో నాకు నేనుగా చదువుకున్నదే. అరవైల మొదట్లో చిట్టమూరు నుంచి సూళ్లూరుపేటకు వచ్చే ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరుగా చేరినప్పుడు, మోటారు బండ్ల నియమాల పుస్తకం ఒకటి అక్కడే వెతికి పట్టుకుని రెండుసార్లు చదివాను. బడి దగ్గర వేగం తగ్గించాలి, దూరం నుంచే హారన్ మోగించాలి అని అందులో ఉంది.

మా దారిలో రోడ్డు పక్కనే ఒక బడి, రోడ్డుకు అవతల పిల్లల ఇళ్లు ఉన్నాయి. అక్కడ ఎద్దుబండి నడకకు తగ్గించి, రబ్బరు బుడ్డి హారన్ మూడుసార్లు నొక్కేవాణ్ణి. వారం రోజులు బాగానే గడిచింది. ఎనిమిదో రోజు హారన్ నొక్కగానే పిల్లలంతా బిలబిలమంటూ రోడ్డు మీదికి వచ్చేశారు. కంగారులో ఇంకా నొక్కాను. ఇంకా వచ్చారు. ఒక పాప బస్సు ముందు బోర్లా పడింది. బంపరుకూ ఆమె జడకూ మధ్య జానెడు దూరం.

దిగి బడి అయ్యవారి దగ్గరికి వెళ్లాను.

"ఏంది అయ్యవారూ, తప్పుకోమని నేను మోగిస్తా ఉంటే బిడ్డల్ని నా మీదికి తోలతా ఉండారు?"

"బడికి గడియారం లేదు నాయనా. వారంగా ఎండ చూస్తా ఉండాను, నువ్వు సరిగ్గా పన్నెండుకు వస్తావు. నీ హారన్‌నే అన్నం గంట చేసుకున్నాం."

మరునాడు చప్పుడు చేయకుండా దాటాను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అయ్యవారు బస్సు ఆపారు.

"దారిన పోయే ఆయన గడియారం చూసి మూడయిందని చెప్పేదాకా బిడ్డలు అన్నానికి పోలేదు తెలుసునా?"

"ఎండ చూసి పంపకూడదా?"

"మబ్బు పట్టుండాది కదయ్యా!"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. బడికి చాలా ఇవతల, కల్వర్టు దగ్గరే బస్సు ఆపి హారన్ కొట్టాలి. అయ్యవారు రోడ్డు మధ్య చేతులు చాపి నిలబడతారు. పిల్లలంతా దాటాక చేతులు దించుతారు. అప్పుడు నేను కదలాలి.

"మదరాసు రైలు మా కోసరం ఆగతాదా అన్నా?" అని ప్రయాణికులు రోజూ తిట్టేవారు.

ఒకరోజు బడికి మైలు ముందే ఇరుసు విరిగింది. పన్నెండు కావస్తోంది, మళ్లీ మబ్బు. హారన్ ఊడదీసి చేత పట్టుకున్నాను.

"దాన్ని పీక్కోని యాడికన్నా?" అన్నాడు కండక్టరు.

"బిడ్డలకు అన్నం టయిమయింది."

నడిచి వెళ్లి, కల్వర్టు దగ్గర ఆగి మూడుసార్లు నొక్కాను. అయ్యవారు వచ్చి రోడ్డు మధ్య నిలబడ్డారు. నా వెనక బస్సు లేదని చూశారు. అయినా చేతులు చాపారు. నేను ఒక అడుగు వేశాను.

"ఆగు! బిడ్డలు దాటతా ఉండారు."

ఆగాను. ఆఖరి పాప దాటాక ఆయన చేతులు దించి, "ఇంక పో" అన్నారు.

నేను వెళ్లవలసింది వెనక్కి. అయినా ముందుకే నడిచి, బడి దాటాకే వెనక్కి తిరిగాను.