అమ్మ నోటికి సరిపడే లెన్సు

అమ్మ పళ్ళన్నీ తీసెయ్యాలని ఇందిరా నగర్ పళ్ళ డాక్టరమ్మ చెప్పినప్పుడు, అమ్మ కంటే ఎక్కువ కంగారుపడింది మా అక్క. షుగరున్న మనిషి కదా, అమ్మ చిగుళ్ళు ఎప్పుడో వదులైపోయాయి. పైవీ కిందవీ అన్నీ ఊగుతున్నాయి. షుగరు కాస్త అదుపులోకి వచ్చాక పీకేద్దాం, చిగుళ్ళు ఆరాక కట్టుడు పళ్ళు పెడదాం అంది డాక్టరమ్మ. ఆ మాటల్నే అమ్మ అక్కవైపు తిరిగి, నోరు బాగా తెరిచి, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో తనే ఆగిపోయింది.

మా అక్కకు వినబడదు. పసితనంలో జ్వరం వచ్చి చెవులు పోయాయి. మాటంతా అమ్మ నోరు చూసి నేర్చుకుంది. మేముండేది తమిళ ఊరు. వీధిలో తమిళం, ఇంట్లో మా తెలుగు. ఆ తెలుగులో కూడా అక్కకు పూర్తిగా అందేది అమ్మ నోటి మాటొక్కటే. నేను ఆత్రపు మనిషిని, పెదాలు సరిగ్గా కదపను. నా మాటలో సగమే ఆవిడకు చేరుతుంది. అందుకని ఇంటికొచ్చినవాళ్ళు ఏమన్నా, టీవీలో ఏమన్నా, చివరికి అమ్మ మళ్ళీ చెప్పాల్సిందే. రాసి చూపిద్దామంటే అమ్మకు రాత రాదు. మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే, అదీ పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క నా భుజం తట్టింది. తన పళ్ళు చూపించి, గాలిలోకి విసిరేసినట్టు చెయ్యి విదిలించి, అమ్మ మూతివైపు చూపించింది. పళ్ళు పోతే ఆ నోరు మారిపోతుంది, మరి నా గతేమిటి అని. నేను ఏమీ కాదులే అన్నట్టు తల ఊపాను గానీ నాకూ అదే బెంగ పట్టుకుంది.

ఓర్లియంపేటలో మా ఇంటి ముందు ఆటో దిగేసరికి నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వచ్చిందంటే ఇంట్లోవాళ్ళకు భయం. పళ్ళు ఉండగానే అమ్మ మాటను వీడియో తీసి పెట్టేద్దాం, అక్కకు కావలసినప్పుడల్లా చూసుకుంటుంది! ఇదీ నా ఘనమైన పథకం.

ఫోనుతో తీసి చూశాను. మా ఇంటి ట్యూబులైటు వెలుతురుకు ఆ ఫోను అమ్మ ముఖాన్ని ఇస్త్రీ చేసి పెట్టింది. ముడతలు లేవు, పెదాల అంచులు లేవు, నోట్లో అంతా చీకటి. అక్క చూసి పెదవి విరిచింది. సరే, మంచి కెమెరా కొనాల్సిందే అనుకున్నాను. ఇక చూడండి నా అవస్థ.

బజారులో మాది గిన్నెల కొట్టు. మధ్యాహ్నం బేరాలు పలచబడితే స్టీలు బిందెల మధ్య కూర్చుని మిర్రర్‌లెస్ కెమెరాల మీద వీడియోలు చూసేదాన్ని. ఒకడు కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ పెద్దది లేకపోతే బతుకే లేదంటాడు. ఇంకొకడు చిన్న సెన్సర్ చాలు, డబ్బు లెన్సుల మీద పెట్టమంటాడు. ఒక కెమెరా వేడెక్కి ఆగిపోతుందట, ఇంకొకదానికి చెయ్యి వణుకును ఆపే ఏర్పాటు లేదట. వీళ్ళెవరూ ఒక్కసారి కూడా, ఇంతకీ నువ్వు తీసేదేమిటమ్మా అని అడగరు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మా పిన్ని కొడుకు పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. మేట్టుపాళయంలో ఒక గోదాము అద్దెకు తీసుకుని లైట్లు, స్టాండ్లు అక్కడే పెట్టుకున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళాను. సముద్రపు గాలికి లెన్సుల్లో బూజు పడుతుందని వాటిని బియ్యం డబ్బాలంత డబ్బాల్లో, తేమ పీల్చే పొట్లాలు వేసి, మూతలు బిగించి దాచుకున్నాడు. అందులోంచి ఒకటి తీసి, పసిబిడ్డను అందించినట్టు నా చేతుల్లో పెట్టాడు.

"ఎనభై అయిదు ఎమ్ఎమ్ అక్కా! ఇది పెట్టి చూడు. యెనకాల ఉండేదంతా వెన్న మాదిరి కరిగిపోతాది. పెద్దమ్మ సినిమా హీరోయిన్ మాదిరి ఉంటాది."

"వీడియో పెద్దక్క కోసంరా," అన్నాను.

"ఎవురికోసమైతే ఏంది? బాగుండాల గదా!"

నిజమే కదా, బాగుండాలి కదా! నేనూ ఆ మాటకే పడ్డాను. కొనేముందు చూసుకోమని వాడి పెద్ద సెన్సర్ కెమెరాను, ఆ లెన్సును నాకిచ్చాడు. మర్నాడు పొద్దున మిద్దె మీద అమ్మను కూర్చోబెట్టాను.

"ఏందే ఇది? పండ్లు పీకేదానికి ముందర వీడియో ఏంది? నేనేమన్నా పెండ్లికూతురా?" అంటూనే అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. కెమెరా తెర ముందుకు తిప్పి ఉంటే అందులో తనను తాను చూసుకుని ఊరికే జుట్టు సర్దుకుంటోంది. తెర మూసేశాను. బటన్ నొక్కి, మాట్లాడమ్మా అన్నాను. అమ్మ నిటారుగా కూర్చుని, చేతులు జోడించి, టీవీలో మంత్రిగారిలాగా తమిళంలో వణక్కం పెట్టింది. ఆపైన అంతా తమిళమే!

"అమ్మా, తెలుగులో మాట్లాడు తల్లీ!"

"కెమెరాకు మన తెలుగు యాడ అర్థమైతాది?" అంది అమ్మ, నాకే బుద్ధి లేనట్టు.

ఏం చెయ్యను? ఇల్లు దాటితే తమిళం మాట్లాడటం మాకు అలవాటు. అమ్మ దృష్టిలో కెమెరా బయటి మనిషి. బతిమాలి బామాలి కొంచెం తెలుగు పలికించాను. ఆ లెన్సుతో తీసిన అమ్మ ఎంత బాగుందంటే, నేను పిట్టగోడ దగ్గర నిలబడే కళ్ళు తుడుచుకున్నాను. వెనక ఎదురింటి నీళ్ళ ట్యాంకు నీలంగా కరిగిపోయింది. అమ్మ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చుట్టాలందరికీ పంపితే అందరూ ఆహా ఓహో అన్నారు.

అక్క చూసింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ చూసింది. తన కళ్ళు చూపించి బాగున్నాయంది. తన పెదాలు చూపించి, అరచెయ్యి అడ్డంగా ఊపింది. లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత చేస్తే వంక పెడుతుందా! విసురుగా కెమెరా లాక్కుని నేనూ దగ్గరగా చూశాను. అక్క చెప్పింది నిజమే. మనిషి ముఖం కనబడితే చాలు, కెమెరా కళ్ళ మీదే గురి పెడుతుంది. ఆ లెన్సు కన్నును పూర్తిగా తెరిచి పెడితే కంటికి ఉన్న స్పష్టత మూతి దగ్గరికి వచ్చేసరికి జారిపోతోంది. అమ్మ తల కాస్త ఎత్తితే పెదాలు పొగలో ఉన్నట్టున్నాయి. అందం కోసం నేను చెరిపేసింది వెనకున్న ట్యాంకునొక్కదాన్నే కాదు. అక్క మీద కోపం పోయి నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పటినుంచి ఎవరి వీడియోలూ చూడలేదు. పిన్ని కొడుకు దగ్గరున్న కెమెరాలూ లెన్సులూ తెప్పించి, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ మార్చి చూశాం. ఎనభై అయిదుతో తీయాలంటే కెమెరాను చాలా వెనక్కి జరపాలి. అంత దూరంలో అక్క ఉంటే అమ్మ సరిగ్గా మాట్లాడదు. ముప్పై అయిదు లెన్సయితే దగ్గరగా పెట్టొచ్చు, అక్క దాని పక్కనే కూర్చోవచ్చు. లెన్సు కన్ను బాగా చిన్నది చేస్తే ముక్కు నుంచి చెవిదాకా అన్నీ స్పష్టంగా వస్తున్నాయి. చిన్న సెన్సర్ ఇందుకు ఇంకా మేలు. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములతో పెదాల కదలిక అలుక్కుపోతోంది, యాభై పెడితే విడివిడిగా కనబడుతోంది. వెలుతురు పక్కనుంచి వస్తే నోట్లో నీడ పడుతుంది. అక్కకు నాలుక కూడా కనబడాలి. అందుకని అమ్మను వీధి గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి, కిందినుంచి కూడా నోట్లోకి వెలుగు పడేలా ఒళ్ళో తెల్ల పంచె పరిచాం. వెనక గోడ మీద కేలండరు, స్విచ్చు బోర్డు, తాడు మీద తువాలు, అన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి.

"ఏందక్కా ఇది? సీసీ కెమెరాలో తీసినట్టుండాది," అన్నాడు చూడవచ్చిన పిన్ని కొడుకు, తెగ బాధపడిపోతూ.

"నీ మొహం, పోరా!" అన్నాను. అదే రకం చిన్న సెన్సర్ కెమెరా, ముప్పై అయిదు లెన్సు కొనేశాను.

అక్క ఎదురుగా కూర్చున్నాక అమ్మకు తమిళం గుర్తే రాలేదు. పప్పులో ఉప్పెక్కువైన సంగతి, మేనత్త కోడలి గొప్పలు, అక్క సరిగ్గా తినడం లేదన్న ఫిర్యాదు, అన్నీ ఆ గుమ్మం వెలుతురులో మా తెలుగులోనే వచ్చాయి. షుగరు తగ్గేదాకా రోజూ తీశాను. ఇక ఫరవాలేదని నా ధీమా.

పళ్ళు తీసేశారు. వాపు తగ్గి చూస్తే అమ్మ మూతి లోపలికి పోయింది, గడ్డం పైకి వచ్చింది, పెదాలు సన్నగీతలైపోయాయి. మాట్లాడితే మాట మెత్తగా, గాలిగా వచ్చేది. అక్క ఎదురుగా నిలబడి ఎంత చూసినా ఏమీ అందలేదు. రెండు మూడుసార్లు అలా జరిగాక అమ్మ కొంగుతో మూతి కప్పుకోవడం మొదలుపెట్టింది. అక్కతో మాట్లాడటమే మానేసింది. వంటింట్లో ఇద్దరూ ఒకరికొకరు గిన్నెలు అందించుకునేవాళ్ళు, అంతే.

ఒక మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి పాత వీడియోలు టీవీలో పెట్టాను. పళ్ళున్న అమ్మ అక్కను తిండి విషయంలో తిడుతోంది. అక్క చూసి నవ్వింది, ఒక్క మాట కూడా వదలకుండా అర్థం చేసుకుంది. నేను గర్వంగా చూస్తున్నాను. కాసేపటికి అక్క లేచి టీవీ ఆపేసింది. అక్కకు గొంతు ఉంది, మాట మాకు మాత్రమే అర్థమవుతుంది. ఆ గొంతుతోనే, టీవీ చూపించి, "ఇది వొచ్చు," అంది. వంటింట్లో కొంగు కప్పుకున్న అమ్మను చూపించి, "అది రాదు. అది తియ్యి," అంది.

పాత మాట దాచిపెట్టడమే పెద్ద పని అనుకున్నాను. అక్కకు కావలసింది రేపు అమ్మతో మాట్లాడటం.

అమ్మ ససేమిరా అంది. "పండ్లు లేని మూతిని ఎవురైనా వీడియో తీస్తారా? సిగ్గు గాదా?" అని గోడవైపు తిరిగింది. అక్క వెళ్ళి కొంగు కిందికి లాగింది. అమ్మ మళ్ళీ కప్పుకుంది. అక్క మళ్ళీ లాగింది. చివరికి ఇద్దరూ ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, గుమ్మానికి ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

పాత వీడియోలో ఉన్న మాటలనే కొత్త నోటితో మళ్ళీ చెప్పించాను. రెండూ పక్కపక్కన పెట్టి, సగం వేగంతో నడిపించేదాన్ని. యాభై ఫ్రేములు అక్కడ అక్కరకొచ్చాయి. పళ్ళ మీద ఆనే పెదవి ఇప్పుడు చిగుళ్ళ మీద ఆనుతోంది, నాలుక కొంచెం ముందుకు వస్తోంది. అక్క అద్దం పట్టుకుని తన పెదాలను లోపలికి మడిచి అమ్మలాగా పలికి చూసుకునేది. కట్టుడు పళ్ళు వచ్చాయి గానీ అవి గుచ్చుకుంటున్నాయని అమ్మ వాటిని గిన్నెలో నీళ్ళు పోసి అందులోనే ఉంచేసింది. అమ్మ కొత్త నోటి మీద అక్క చదువు మాత్రం ఆగలేదు.

ఒకనాడు నేను కొట్టుకు బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే వంటింటి గుమ్మంలోంచి అమ్మ ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఏంటమ్మా అన్నాను. మళ్ళీ అంది. ఉఫ్ ఉఫ్ అని గాలి తప్ప ఏమీ లేదు. "ఏంటమ్మా, సరిగ్గా చెప్పు!" అని కేకేశాను. అమ్మ చిరాకుపడి చెయ్యి ఊపి ఇంకేదో అంది. పక్కన బియ్యం ఏరుతున్న అక్క పకపకా నవ్వింది.

"ఏమందే?" అని అక్కను అడిగాను.

అక్క చేట పక్కన పెట్టి నావైపు తిరిగింది. నాకు బాగా తెలియాలని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "గొడుగు తీస్కపో అనింది. నువ్వు వినలేదు. అప్పుడు, నీకేమన్నా చెవుడా, అనింది."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. కోపంలో కూడా అమ్మ మమ్మల్ని అననిచ్చేది కాదు. నోరు జారినందుకు అమ్మ బిక్కచచ్చిపోయి గబుక్కున కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అక్క నవ్వుతూనే లేచి వెళ్ళి ఆ కొంగు కిందికి లాగేసింది.

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఊరందరి మాటా అక్కకు అమ్మే చేరవేసేది. అమ్మ మాటను అక్క నాకు చెప్పడం అదే మొదటిసారి.