పోయిన పాటగాళ్ళ బేరం

పేరున్న పాటగాడు పోయాడని తెలిస్తే మా వ్యాపారంలో మొదట చేసే పని ధర మార్చడం. దుఃఖం తర్వాత. ఆస్ట్రేలియాలో క్వేకర్స్ హిల్‌కి దగ్గర్లో ఆదివారాలు ఒక కార్ పార్కులో సంత జరుగుతుంది. అందులో నాకూ ఒక బల్ల ఉంది, దాని మీద పాత గ్రామఫోన్ రికార్డులు అమ్ముతాను. వారమంతా గోడౌన్‌లో ఉద్యోగం, ఆదివారం ఇది. ఎందుకని ఎవరైనా అడిగితే వ్యాపారం పుట్టుకతో వచ్చింది అంటాను. పొద్దున్నే ఫోన్ చూసేసరికి ఎవరో ఒకరు పోయి ఉంటారు. అరవైల్లో అమెరికాలోనో ఇంగ్లండులోనో కుర్రకారును ఊపేసిన సోల్ గాయకులు, రాక్ వాద్యగాళ్ళు ఇప్పుడు వరసపెట్టి రాలిపోతున్నారు. పోయిన మనిషి రికార్డును వెనక పెట్టెలోంచి తీసి ముందు వరసలో నిలబెట్టాలి. పాత ధర కాగితాన్ని గోటితో గీకి కొత్తది అంటించాలి. పక్క బల్లలవాళ్ళూ అదే పనిలో ఉంటారు. ఒకరి ముఖం ఒకరం చూసుకోం.

నాకు ఆ సంగీతం తెలియదు, సరుకు తెలుసు. కావలి బట్టల బజారులో మా నాన్న గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చీర తిరగేసి నేత చూసినట్టే రికార్డును వెలుతురుకి వంచి గీతలు చూస్తాను. సోల్ అంటే ఆత్మ అని ఇక్కడ పుట్టిన మా అమ్మాయి చెప్పింది. "ఆత్మకి గీతలు పడితే సగం ధరే" అన్నాను. "డాడ్, నాట్ ఫన్నీ" అని హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది.

ఆ పాటగాళ్ళ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఒకే మనిషి చెప్పినవి, అవీ బేరంలో చెప్పినవి. ఆయన బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తండ్రి ఇంజన్ డ్రైవర్. అరవైల్లో అక్కడ రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బులో శనివారం డాన్సులకి ఈయన గిటార్ వాయిస్తూ పాడేవాడట. ఆస్ట్రేలియా వచ్చి జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిచినా నోట్లోంచి నెల్లూరు యాస పోలేదు. నేనొకరోజు ఫోన్‌లో మా అన్నయ్యతో మాట్లాడుతుంటే బల్ల ముందు నిలబడి అంతా విన్నాడు. ఫోన్ పెట్టగానే ఒక రికార్డు ఎత్తి పట్టుకుని, "ఏంది సావుకారూ, ఈ గీతల పళ్ళేనికి ఇంత రేటా? కావలోడివని చెప్పకనే తెలస్తుండాది" అన్నాడు. అప్పటినుంచి నేను ఆయనకి సావుకారును, ఆయన నాకు అంకుల్.

చాలాకాలం ఆయన కొనేవాడు, నేను అమ్మేవాణ్ణి. ఈ ఏడాది తిరగబడింది. ఆంటీ పోయాక ఒంటరిగా ఉండలేడని, దేశానికి అవతలి కొసన పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉన్న కూతురు తన దగ్గరికి తీసుకుపోతానంది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. అక్కడ ఆయనకిచ్చేది ఒక్క గది. "డాడ్, రికార్డులకి చోటు లేదు" అని కూతురు కచ్చితంగా చెప్పేసింది. దాంతో ఆయన కూరగాయల ట్రాలీలో రికార్డుల పెట్టె పెట్టుకుని లాక్కుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ధర చెప్పాడు. నేను నవ్వాను. ఆయన పెట్టె మూత వేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు, ఆయన ఆ రికార్డు పైకి తీస్తూనే ఉన్నాడు.

"ఈయమ్మ పోయింది, చూసినావా?"

"చూశానంకుల్. పాపం."

"పాపం తర్వాత. రేటు పెంచు. చర్చిలో పాడిపాడి పదునెక్కిన గొంతబ్బయా ఇది. మా ఇన్‌స్టిట్యూట్లో ఈ పాట ఏస్తే డ్యూటీ దిగిన ఇంజను ఫైర్‌మన్లు బొగ్గు చేతులతోనే వచ్చి వాకిట్లో నిలబడేవాళ్ళు. డాన్స్ చేసేవాళ్ళు డాన్స్ ఆపేసేవాళ్ళు."

"గొంతు బాగుండొచ్చు. అట్ట చిరిగింది."

"అట్ట పాడతదా?"

ఇంకో వారం ఒక డ్రమ్మర్ పోయాడు.

"వీడు తాగుబోతంటగా అంకుల్. సగం కచేరీలకి రానేలేదంట."

"వచ్చిన సగం చాలదా నీకు? నువ్వు రోజూ టైముకే పోతుండావు గదా గోడౌనుకి, నిన్నెవురన్నా రికార్డు చేసినారా?"

మొత్తానికి ఆయన పొగిడేవాడు, నేను తెగిడేవాణ్ణి. ఇద్దరి మధ్య ఆ పోయిన మనిషి ఎంతవాడో అంతవాడుగా నిలబడేవాడు. పత్రికల్లో వచ్చే సంతాపాలు ఒకటి రెండు చదివాను. వాటిలో అందరూ మహానుభావులే. ఎదురు తగిలేవాడు లేకపోతే పొగడ్త ఎంత నీరసంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. మా బేరం తెగలేదు. తెంచాలన్న తొందర నాకూ లేదు, ఆయనకీ ఉన్నట్టు కనపడలేదు.

ఇల్లు అమ్ముడుపోయింది. తాళాలు ఇచ్చెయ్యాల్సిన వారం వచ్చింది. ఆ ఆదివారం ఆయన్ని కూతురే కారులో తీసుకొచ్చింది. ముందురోజే ఒక గిటార్ వాద్యగాడు పోయాడు. కుర్రతనంలో అంకుల్ షార్ట్‌వేవ్ రేడియోకి చెవి ఆనించి, వేళ్ళు కోసుకుపోయేలా అనుకరించింది ఆ మనిషినే. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. అంకుల్ గడ్డం గీసుకోలేదు. పెట్టె తెరిచి ఏ రికార్డూ పైకి తియ్యలేదు, ఎవరినీ పొగడలేదు. మొదటిరోజు చెప్పిన ధరే మెల్లిగా చెప్పాడు.

మా బజారులో ఒక ఆచారం ఉంది. శవం మీద కప్పే గుడ్డకి బేరం ఆడరు. కొనడానికి వచ్చినవాళ్ళు నోరు విప్పకముందే నాన్నకి ముఖం చూసి తెలిసిపోయేది. పెంచి చెప్పడం, తగ్గించడం ఉండేవి కావు. ఒక్కటే మాట, అంతే. వెళ్ళేటప్పుడు మళ్ళీ రండి అని కూడా అనేవాడు కాదు. నాకు ఒంట్లో నీరసంగా ఉంది, రాత్రి సరిగ్గా నిద్ర లేదు. అంకుల్ ముఖం చూడగానే నాలోని నాన్న లేచి కూర్చున్నాడు.

"సరే అంకుల్" అన్నాను. జేబులో చెయ్యి పెట్టాను.

"సరేనా?"

"సరే."

"అట్టలు చినిగినాయే."

"పర్లేదు."

"గీతలుండాయే."

"ఉండనీండి."

ఆయన పెట్టె మీద చెయ్యి వేసి నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మా అమ్మ చనిపోయినప్పుడు శవప్పెట్టెలో పరిచే తెల్లగుడ్డకి మీ కావలి బజారుకే వచ్చినా. ఆ సావుకారు కూడా ఇట్నే, ఒక్క మాట మీద ఇచ్చినాడు. నేనింకా పోలేదబ్బయా."

మూత వేశాడు. ట్రాలీ తిప్పుకున్నాడు. కూతురు కారు అద్దం దించి, "డాడ్, డిడ్ హి టేక్ దెమ్?" అని అడిగింది.

"నో. హి ఈజ్ బీయింగ్ పొలైట్."

"ఫైన్. దారిలో చారిటీ బిన్‌లో పడేద్దాం. వి ఆర్ లేట్" అందామె. పాపం ఆమె తప్పేం లేదు, ఆమెకూ సర్దుకోవాల్సిన ఇల్లంతా ఉంది.

ఆయన అడుగులో అడుగేసుకుంటూ కారు వైపు నడుస్తున్నాడు. క్షమించండి అనడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, దానికి బదులు గుడ్డ కొలతలో నాలుగు వేళ్ళు ఎక్కువ వదులుతాం. ఇక్కడ కొలత కూడా లేదు. అందుకని నోటికొచ్చింది అరిచాను.

"అంకుల్! నిన్న పోయినాయన గిటార్ శ్రుతి చేసుకోవడం కూడా రానోడంటగా!"

ట్రాలీ ఆగింది.

"ఏమన్నావు?"

"ఒకే ముక్క తిప్పి తిప్పి వాయించేవాడంట. దానికి మీరడిగింది చాలా ఎక్కువ. సగం కూడా ఇవ్వను."

ఆయన వెనక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు పోయినప్పటికంటే వేగంగా వచ్చాడు. "శ్రుతి సంగతి బట్టల కొట్టోడు చెప్పాలా నాకు? సగమా? దొంగ సచ్చినోడా!" నాకున్న ఒక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తియ్యి. ఒక్కోటీ తియ్యి. యాడుండాది గీత, ఎండలో చూపించు నాకు."

కూతురు కాసేపు చూసి కారు ఇంజను ఆపేసింది.

పక్క బల్లలవాళ్ళు గుడారాలు మడిచి వెళ్ళిపోయారు. నేను నిలబడే ఉన్నాను. కాళ్ళు పీకుతుంటే, పోయిన గొప్పవాళ్ళందరిలో ఒక్కొక్క తప్పూ వెతుకుతూ, దొరకనిచోట కల్పిస్తూ పోయాను. ఆయన ఒక్కొక్కరినీ వెనకేసుకొచ్చాడు, ప్రతిసారీ నేను కాస్త పెంచాను. ముందురోజు పోయిన గిటార్ వాద్యగాడి వంతు వచ్చినప్పుడు గాలిలో వేళ్ళాడించి చూపించాడు. ఒక వేలు వంగలేదు. చివరికి ఆయన మొదట అడిగినదానికంటే ఎక్కువకే బేరం కుదిరింది. కొనేవాణ్ణయి ఉండి ధర పెంచుకుంటూ పోయింది మా వంశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కారెక్కి అద్దం దించాడు. "చౌకగా అమ్మినావని తెలిసిందో, పెర్త్ నుంచి వచ్చి తంతా."

"వచ్చేటప్పుడు రసీదు తెచ్చుకోండి అంకుల్."

"రసీదు యాడిచ్చినావురా నువ్వు?" అంటుండగానే కారు కదిలిపోయింది. ఖాళీ అయిన కుర్చీలో కూలబడ్డాను.