దూడకు దక్కిన తొలిపాలు

మా అత్తవారిది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. పాడికీ పంటకీ లోటు లేని ఇల్లు. తెలివికి మాత్రం పెద్ద కరువు. పుట్టింట్లో అమ్మ లేదు కాబట్టి నా తొలి కాన్పు అక్కడే జరిగింది. ఆడపిల్ల. పుట్టగానే వీధంతా వినబడేలా ఏడ్చింది.

రొమ్ముకు పట్టించబోతే మంత్రసాని నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, మూడోనాటిదాకా ఆగమ్మా! ఇవి ముర్రుపాలు. పిల్లకి విషం."

పచ్చగా, చిక్కగా వస్తున్న ఆ పాలను అత్తగారు దగ్గరుండి గోడకు పిండించారు. పిల్లకేమో కాలవనీళ్ళలో బెల్లం కలిపి, గుడ్డపీలిక ముంచి నోట్లో పెట్టారు. ఆహా, ఏం వైద్యం!

మర్నాడే మా గేదె ఈనింది. పురిటిగదికీ కొట్టానికీ మధ్య ఒక్క తడికే అడ్డం. పాలేరు దూడను పక్కకు లాగి చెంబు పట్టుకున్నాడు కాబోలు, మావగారు ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"ఒరే, బుద్ధుందా నీకు? ముందు దూడని తాగనియ్యి. తొలిపాలు పడకపోతే అది బతుకుద్దేంట్రా?"

తడికకు ఇవతల నా కూతురు గుడ్డపీలిక చీకుతోంది. నేను వింటూ కూర్చున్నాను. వాళ్ళను వెక్కిరిస్తాను గానీ, ఆరోజు నా తెలివీ అంతంత మాత్రమే.

దూడ తాగగా మిగిలిన పాలతో జున్ను వండారు. ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తిన్నారు. గేదె ముర్రుపాలు వీళ్ళకు అమృతమట, నావి నా బిడ్డకు విషమట! నాలుగోనాటికి పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. అయిదోనాడు పోయింది. బాలగ్రహమన్నారు, నా జాతకమన్నారు. కాలవనీళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. దూడ వాకిట్లో గంతులేస్తోంది.

రెండేళ్ళకు మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. ఈసారి మంత్రసాని అటు తిరగగానే పిల్లను రొమ్ముకు అదుముకున్నాను. అత్తగారు చూసి గుండెలు బాదుకున్నారు.

"చంపేస్తున్నావే పిల్లని!"

"దూడ చచ్చిందేంటండి, అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ చేతులు దించేశారు. పిల్ల గుటకలేస్తుంటే చూస్తూ నిలబడ్డారు.

పురుడు వెళ్ళిన రోజున, నలుగు పెట్టి స్నానం చేయించిన మనవరాలిని ఒళ్ళో వేసుకుని, నా మొహం చూడకుండా అడిగారు.

"నాకు నలుగురు పురిట్లోనే పోయారే. నలుగురి పాలూ నేనే గోడకి పిండుకున్నాను. అయితే వాళ్ళు...?"

రెండేళ్ళుగా ఆవిడ కోసం దాచుకున్న ఎత్తిపొడుపు మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవన్నీ వదిలేసి, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.