మడుగు మీది లైటు

మా బావకు చీకటంటే పడదు. వంటగదిలో ఒక లైటు ఉండగా పొయ్యి మీదికి ఇంకొకటి బిగించాడు. ఇంత వెలుగులో కూరలో ఉప్పు కూడా కనబడుతుందని అక్క దెప్పేది. అలాంటి మనిషికి గుహలో లైట్ల పని దొరికింది. అక్క అక్కడే మెట్లు కడుగుతుంది, నేను వాకిట్లో టికెట్లు చింపుతాను.

గుహ చివర ఒక మడుగుంది. అందులో వేలెడైనా లేని తెల్ల రొయ్యలు. వాటికి కళ్లు లేవు, రంగు లేదు, కడుపులో ఏముందో పైకే కనబడుతుంది. "చీకట్లో ఉండేవాళ్లకు కళ్లెందుకు, సోకెందుకు?" అని బావ వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఒంటికంటే పొడుగైన మీసాలతో తడుముకుంటూ దారీ తిండీ వెతుక్కుంటాయి. నీళ్లలో కొట్టుకొచ్చే చెత్తాచెదారమే భోజనం. అది రాకపోతే పస్తు, దానికీ తట్టుకుంటాయి. మా చుట్టాల కంటే ఎంతో నయం.

వాటిని జనం సరిగ్గా చూడాలని బావ మడుగు మీద పెద్ద లైటు పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు, ఈయనగారు కాలరెగరేశాడు. కొన్నాళ్లకు రొయ్యలు తగ్గాయి. తర్వాత ఒక్కటీ కనబడలేదు.

అక్క రాళ్లు తోముతూ అంది, "ఈ పచ్చటి పాచి చూశారా? గుహలో ఇంకెక్కడా లేదు, మీ లైటు కిందే ఉంది."

"రొయ్యలకు కళ్లే లేవు కదే. లైటుతో వాటికేం పని?"

"కళ్లు లేకపోతే ఒళ్లు లేదా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు బావ లైటు మాత్రం తియ్యలేదు. బల్బు చిన్నది చేశాడు, పసుపుది పెట్టాడు, చివరికి గోడ వైపు తిప్పాడు. రొయ్యలు రాలేదు. ఆయనకు అన్నం సయించేది కాదు. నాకు ఒళ్లు మండింది.

"తీసెయ్ బావా. లైటు పోతే కొంపలేం మునగవు. అవి పోతే మళ్లీ తేగలవా?"

"తీసేస్తే వాటిని ఇక నేను చూడలేనే," అన్నాడు.

అదీ ఆయన బాధ.

మర్నాడు లైటూ వైరూ తన చేత్తోనే పీకేశాడు. అక్క రాళ్ల మీద పాచి ఓపిగ్గా గీకింది. జనాన్ని మడుగు దాకా పంపడం మానేశాం. సాయంత్రం గుహ ఖాళీ అయ్యాక బావ గోడ పట్టుకుని తడుముకుంటూ వెళ్లి, నీళ్లలో వేలు ముంచి కూర్చునేవాడు. రొయ్యలతో రాయబారమా అని ఏడిపించినా మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. వానాకాలం అలాగే గడిచిపోయింది.

ఒక సాయంత్రం ఆయన ఎంతకీ బయటికి రాలేదు. కంగారుపడి అక్కా నేనూ టార్చి పట్టుకుని వెళ్లాం.

"లైటు వెయ్యకండి," అని చీకట్లోంచి వినబడింది. మా బావ నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. టార్చి ఆర్పేసి పక్కన కూర్చున్నాం. ఆయన అక్క చెయ్యి పట్టుకుని నీళ్లలో పెట్టాడు. అక్క చాలాసేపు కదల్లేదు.

"ఏదో వెంట్రుక తగిలినట్టుందండీ," అంది మెల్లగా.

"మీసం," అన్నాడు బావ. "అది నిన్ను చూస్తోంది. కాసేపు చూడనీ."