కాకినాడ కబడ్డీ పోటీల్లో నేను తుడిచిన మ్యాట్

కాకినాడలో జరిగే బాలికల కబడ్డీ పోటీలకు వలంటీర్లు కావాలంటే షారోన్ పేరిచ్చింది. అది తెలిశాక నేనూ ఇచ్చాను. ఆట మీద ప్రేమతో అని రాస్తే బాగుంటుంది గానీ, నిజం కాదు. షారోన్ కాన్వెంట్‌లో నా పక్కనే కూర్చునేది. ఆమె వెళ్లొచ్చి కబుర్లు చెబుతుంటే వింటూ ఉండడం నాకు ఇష్టం లేకపోయింది.

రాజమండ్రిలో పొద్దున్నే రైలెక్కితే గంటలోపు సామర్లకోట. అక్కడి నుంచి కాకినాడకు బస్సులూ షేర్ ఆటోలూ దొరుకుతూనే ఉంటాయి. ఆటోలో మనిషికి నలభై తీసుకున్నారు. ఎక్కడికెళ్తున్నామో విని ఆటో ఆయన, "జీతం ఎంతిస్తారండి?" అన్నాడు.

"ఏమీ ఇవ్వరండి. టీషర్టు, భోజనం," అంది షారోన్.

"టీషర్టు కోసం ఆదివారం నిద్ర పాడుచేసుకుంటారేంటండి?"

షారోన్ నవ్వేసి, టికెట్ కొన్నవాళ్లు కూడా ఆటని అంత దగ్గరగా చూడలేరని చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు. నేను పర్సు తీసి నలభై లెక్కపెట్టసాగాను.

స్టేడియంలో మేడమ్ ఒకావిడ, హర్యానా జట్టుతో ఎవరుంటారని అడిగారు. బడిలో హిందీలో ఎప్పుడూ నాదే ఫస్టు. చెయ్యి ఎత్తాలా అని నేను ఆలోచించేలోపు షారోన్ చెయ్యి పైకి లేచింది. ఆమె హిందీ అంతా సీరియళ్లలో నేర్చుకున్నదే. నాకు తుడిచే గుడ్డ ఇచ్చారు. మ్యాట్ మీద చెమట పడితే రైడర్ కాలు జారుతుంది. అందుకని ఆట ఆగినప్పుడల్లా చెప్పులు లేకుండా పరుగెత్తి, తుడిచి, విజిల్ లోపు బయటికి వచ్చేయాలి. పని బాగానే ఉంది. నా కళ్లు మాత్రం హర్యానా బెంచీ మీదే. షారోన్ తప్పుల హిందీకి వాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. ఒకమ్మాయి ఆమె జడ అల్లుతోంది. నాకు మా అమ్మ తప్ప ఎవరూ జడ వేయలేదు.

మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర, మజ్జిగతో భోజనాలయ్యాక, ఆటలో ఆ జడ అల్లిన అమ్మాయికే కాలు మడతపడింది. షారోన్ అప్పటికే మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. దగ్గరున్నది నేనే. కాలు ఒళ్లో పెట్టుకుని ఐసు అద్దుతూ, నొప్పి ఎక్కడో హిందీలో అడిగాను. ఒక్క తప్పు లేకుండా అడిగాను. ఆమె చూపించింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "షారోన్ దీదీ ఎక్కడ?" అంది.

ఒక చేత్తో ఐసు అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చేశాను. షారోన్ పరుగున వచ్చింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఆ అమ్మాయి ఆమె భుజం మీద ఏడ్చింది.

"నువ్వుండబట్టి సరిపోయిందే," అంది షారోన్ నాతో. మనస్ఫూర్తిగానే అంది. అందుకే ఇంకా మండింది.

జీతం లేని పనికి కొందరు ఆట కోసం వస్తారు, కొందరు సర్టిఫికెట్ కోసం. ముక్కూ మొహం తెలియని మనిషి కష్టంలో ఉన్నప్పుడు పేరు పెట్టి నా కోసమే అడగాలని నాకుండేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. షారోన్‌కి అలాంటి కోరికే లేదు, ఆమెకే దొరికింది. అయినా మళ్లీ వెళ్తాను. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా: పేరిచ్చే ముందు స్నేహితురాలికి చెప్పకండి. ఒక్కరే వెళ్లండి.