గడ్చిరోలికి దేవుళ్ళ మూట

పాత చెప్పు పారెయ్యచ్చు, పగిలిన బకెట్ పారెయ్యచ్చు. పాత దేవుని పటం ఎక్కడ పారెయ్యాలె? మా సిరోంచల ఎవ్వల ఇంట్ల చూసినా ఈ పరేషానే. మసి పట్టి, చెదలు పట్టి, లోపలున్నది లక్ష్మమ్మనో సరస్వతమ్మనో తెల్వకుంట అయినా సరే, చెత్తబండిల ఎయ్యనీకి చెయ్యి రాదు. తీసుకపోయి ప్రాణహిత ఒడ్డున పెట్టి, దండం పెట్టి, వెనుకకు చూడకుంట వస్తం. నేను గూడ గంతే చేసేటోన్ని. పోయినేడు అదే ఒడ్డుకు స్నానానికి దిగితె అరికాల్ల అద్దం ముక్క దిగింది. మూడు కుట్లు పడ్డయి. అది మా ఇంటి పటంది కాదని ఎట్ల చెప్పాలె? ఇగ జన్మల ఏటి ఒడ్డున పటం పెట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్న.

మా కిరాణ దుకాణానికి సబ్బులు తెచ్చే సేల్స్‌మన్ ఒక సంగతి చెప్పిండు. గడ్చిరోలి మునిసిపాలిటోళ్ళు ఒక షెడ్డు పెట్టిండ్రట. ఎవ్వలూ ముట్టనివన్నీ అండ్ల తీసుకుంటరట. కాలిపోయిన ట్యూబులైట్లు, అయిపోయిన సెల్లులు, తేదీ దాటిన మందులు, పాత పరుపులు, ఆఖరికి దేవుని పటాలు గూడ. "మర్యాదగ తీసుకుంటరు సేట్" అన్నడు. ఆ మర్యాద అన్న మాట నాకు నచ్చింది.

దీపావళి ముంగట ఇంటికి రంగులు ఏపిస్తున్నం. రంగులేసేటోళ్ళు గోడల మీది పటాలన్నీ దించి నడి ఇంట్ల పేర్చిండ్రు. మంచియి ఒక దిక్కు, ఖరాబైనయి ఒక దిక్కు. ఖరాబైనయి నేనే పాత పేపర్ల చుట్టి గోనెసంచిల పెట్టిన. నిజం చెప్తున్న, మొఖాలు చూడలే. ఇన్నేండ్లు మొక్కిన దేవుని కండ్లల్లకు చూసుకుంట పేపర్ ఎట్ల చుడతం? అన్నీ బోర్లేసి, వీపులు చూసుకుంట చుట్టిన. మొత్తం తొమ్మిది. ఈ బోర్లేసుడే నా కొంప ముంచింది, అది తర్వాత చెప్త.

పొద్దుగాల ఆరింటికి ఎస్టీ, మా దిక్కు సర్కారు ఎర్రబస్సు. సంచి మోసుకుంట పోతుంటె నా భార్య సరోజ వాకిట్ల నిలవడి, "కాళ్ళకాడ పెట్టకుండ్రి, ఒళ్ళె పెట్టుకోండ్రి" అన్నది. తొమ్మిది పటాలు ఒళ్ళె పెట్టుకుని రెండువందల కిలోమీటర్లు! బామ్ని దాటేదాక పెట్టుకున్న. తొడలు మొద్దుబారినంక పక్క సీటు మీద కూసోవెట్టిన.

కండక్టర్ మరాఠీల అడిగిండు, "కాకా, సంచిల ఏమున్నది? సామానుకు టికెట్ పడతది."

"దేవుళ్ళు. తొమ్మిదిమంది" అన్న.

ఆయన సంచి మూతి జర తెరిచి చూసిండు, చెంపలేసుకున్నడు. "డెబ్బై అయిదేండ్లు దాటినోళ్ళకు టికెట్ లేదు కాకా. వీళ్ళు దాటే ఉంటరు" అని నాకొక్కనికే టికెట్ కొట్టి ముంగటికి పోయిండు.

సిరోంచ నుంచి ఆలపల్లి దాక రోడ్డు సంగతి నేను చెప్పుడు ఎందుకు, దిగినంక మీ నడుమే చెప్తది. కొత్తగ పోయేటోళ్ళు మాత్రం వెనుక సీట్ల కూసోవద్దు. జిమలగట్టల ఒక ఆమె ఎక్కింది. నాగేపల్లి ఆమెనట, వరి కోతల ముంగట చెల్లెను చూసొస్తున్నదట. సీటు లేదు. నా దేవుళ్ళను మళ్ళ ఒళ్ళెకు తీసుకుని ఆమెకు జాగ ఇచ్చిన. ఇగ అడగకుంట ఉంటదా?

"ఏంది అన్నా, గంత భద్రంగ పట్టుకున్నవు?"

చెప్పిన. షెడ్డు సంగతి, నా కాలి కుట్ల సంగతి, అంత చెప్పిన. నేనే ఆ షెడ్డు కట్టిచ్చినంత గొప్పగ చెప్పిన. ఆమె మంచిగ విన్నది.

"మా ఇంట్ల గూడ మూడున్నయి, వడ్ల గుమ్మి వెనుక దాచిన. అయితె అన్నా, పోయినోళ్ళ ఫోటోలు గూడ తీసుకుంటరా? మా అత్త ఫోటోకు అంత బూజు పట్టింది."

"ఛ! పెద్దల ఫోటోలు ఎవలన్న ఇస్తరా అక్కా?" అని నవ్విన. ఏం నవ్విననో! ఆ నవ్వు ఇప్పటికి నా చెవుల్లనే ఉన్నది.

పది గంటలకు ఆలపల్లి. ఆమె దిగింది. బస్సు ఇరవై నిమిషాలు ఆగుతది. భామ్రాగడ్ పోయేటోళ్ళు ఈడ దిగి వేరే బండి ఎక్కాలె. స్టాండు బయట తర్రి పోహ తిన్న. అటుకుల మీద శెనగల పులుసు పోసి ఇస్తరు. ముక్కు ఎంట, కండ్ల ఎంట నీళ్ళు కారినయి, అయినా ఇంకో ప్లేటు తిన్న. ఆష్టి, చామోర్షి దాటి గడ్చిరోలిల దిగేవరకు ఒకటిన్నర అయింది.

షెడ్డు బస్టాండుకు దూరమేం లేదు, ఆటో అతనికి పాత సామాన్ల షెడ్డంటె చాలు. పదింటి నుంచి అయిదింటి దాక తెరిచి ఉంటది. లోపలికి పోతె చెత్త వాసన వస్తదనుకున్న, ఊదుబత్తి వాసన వచ్చింది. ఒక గోడ పొడుగు ట్యూబులైట్లు నిలవెట్టి ఉన్నయి. పరుపుల దూది విప్పి, ఎండేసి, కొత్త దిండ్లు కుడుతున్నరు. పటాలు చూసుకునేది శోభాతాయి అని, నా ఈడు ఆమెనే. తాయి అంటె మరాఠీల అక్క. ఆమె హిందీ, నా హిందీ, నడుమ మరాఠీ. మొత్తానికి మాట కలిసింది.

పటాలను ఒక తెల్లబట్ట పరిచిన బల్ల మీద పెట్టిచ్చింది. పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు నా చేతికి ఇచ్చింది. "తెచ్చినోళ్ళే సాగనంపాలె. మీరు చెప్పినంకనే మేం ముట్టుకుంటం."

పేపర్లు విప్పినం గని, అప్పుడు గూడ బోర్లనే ఉంచిన. వీపుల మీదనే పూలు పెట్టి, "ఇన్నేండ్లు చూసుకున్నరు, ఇగ పోయి రండ్రి" అన్న. తర్వాత ఏం చేస్తరో తాయి చెప్పింది. కాగితం నానవెట్టి, ముద్ద చేసి, నర్సరీల మొక్కలకు కుండీలు చేస్తరు. మంచి అద్దాలు కోసి బడుల్ల మ్యాపులకు ఏస్తరు, పగిలినయి కరిగిచ్చనీకి పోతయి. చెదలు పట్టని కట్టె, బడిపిల్లల పలకలకు చౌకట్లు అయితది. నాకైతె మనసు నిమ్మళమైంది. దేవుడు మొక్కకు కుండీ అయితె అంతకన్న ఏం గావాలె?

మూడింటికి బస్టాండుకాడి మెస్సుల కూసుని చపాతీ, వంకాయ కూర తింటున్న. సరోజ ఫోన్.

"ఇగో, జర ఇనుండ్రి. రంగు ఆరింది, పటాలు మళ్ళ పెడుతున్న. మామ పటం యాడ పెట్టిండ్రు?"

"మంచియి పెట్టిన దిక్కు చూడు."

"అన్నీ చూసిన. గోడకు మొల ఒక్కటే ఉన్నది."

చేతిల ముద్ద చేతిలనే ఆగింది. మా బాపుది ఉన్నదే ఒక్క ఫోటో. నాకు మూడేండ్లప్పుడు పోయిండు, ఆయన మొఖమంటె నాకు ఆ పటమే. మా అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. రోజు పొద్దుమీకి దీపం పెట్టి, గోడ తడుముకుంట పోయి ఆ పటం అద్దం ముడుతది. చిన్నప్పుడు నేను గిల్లి కొట్టి ఆ అద్దం పగలగొడితె, అమ్మ ఆ పగులు మీద దవాఖాన పట్టీ అంటిచ్చింది, చెంప నుంచి గదువ దాక అడ్డంగ. చేతికి ఆ పట్టీ తగిలితేనే ఆమెకు బాపు ఉన్నట్టు.

"ఈ పూటకు రంగు ఆరలేదని చెప్త. రేపు ఏం చెప్పాలె?" అన్నది సరోజ. ఏడుస్తున్నది.

నేను చెయ్యి గూడ కడుక్కోలే. ఆటోల కూసున్నంక చూసుకున్న, వేళ్ళకు కూర అట్లనే ఉన్నది. కాగితం నానవెడుతరన్న మాట ఒక్కటే తలకాయల తిరుగుతున్నది. మా బాపు నీళ్ళ తొట్టిల! నేనే బోర్లేసి, నేనే పూలు పెట్టి, పోయి రమ్మని నేనే చెప్పొచ్చిన!

షెడ్డుల తాయి నన్ను చూడంగనే లేచి నిలవడ్డది. "వస్తరని తెలుసు. ఫోన్ నంబర్ తీసుకోకపోతిమి" అన్నది. వెనుక గోడకాడికి తోలుకపోయింది. అక్కడ ఒక అరుగు నిండ మనుషుల ఫోటోలే. పాగాలోళ్ళు, ముక్కుపుడకలోళ్ళు, ఒక పెండ్లి జంట. "దేవుళ్ళ ఎంట పొరపాటున వస్తరు. వీళ్ళను మేం నానవెట్టం. ఎవలన్న వెతుక్కుంట వస్తరని ఉంచుతం." ఒక్కొక్కల ముంగట ఒక బంతిపువ్వు ఉన్నది.

ఒక ఫోటో తీసి నా చేతిల పెట్టింది. చౌకట్టు లేదు, అద్దం లేదు. వెనుక నుంచి మొలలు తీసి, అద్దం తీసినంకనే తిప్పి చూసిండ్రట, మనిషి అని. అద్దం అప్పటికే రెండు ముక్కలై డ్రమ్ముల పడ్డది, పట్టీతోని సహా.

నేను ఆ ఫోటో చూసి, "ఈయన కాదు" అన్న.

నిజంగనే అన్న. ఎవ్వలో పడుచుపిలగాడు, మీసం కింద నవ్వు ఆపుకుంటున్నడు, పెదవులు బిగవట్టిండు గని చెంపలు ఆగుతలేవు. తర్వాత కండ్లు చూసిన. పెద్దగ చేసిన ఆ కండ్లు నాకెరుక. చిన్నప్పుడు ఆ కండ్లకు భయపడి పటం ముంగట నుంచి ఉరికేటోన్ని, బాపు కోపంగ చూస్తుండని. మూతి మీద పట్టీ ఉండె గద. యాభై ఏండ్ల సంది మా బాపు నవ్వుతుంటె నేను చూడలే. అక్కడనే బల్ల మీద కూలవడి ఏడ్చిన. తాయి నీళ్ళు తెచ్చిచ్చింది.

మా లక్ష్మమ్మ పటం అద్దం పగలకుంట ఉన్నది. తాయి దాన్ని కొలిచి, కోసి, పాత చౌకట్ల బిగిచ్చి బాపుకు ఏసిచ్చింది. పైసలు తీసుకోలే. పోయేటప్పుడు అరుగు మీది ఫోటోలన్నీ నా ఫోన్ల కొట్టుకున్న, మా దిక్కు ఎవలన్న గుర్తువడుతరేమోనని.

రాత్రి బస్టాండుకాడి లాడ్జిల పడుకుని తెల్లారి ఏడింటి బస్సు పట్టుకున్న. మళ్ళ అదే కండక్టర్. "దేవుళ్ళు పోయిండ్రా కాకా?" అన్నడు. ఒళ్ళె ఉన్న పటం చూపెట్టి సంగతంత చెప్పిన. జర సేపు చూసి, "ఈయనకు ఇరవై అయిదు గూడ లేవు. టికెట్ పడతది" అన్నడు. ఇద్దరం నవ్వినం.

పోయేటోళ్ళకు నేను చెప్పేది గింతే. షెడ్డు మంచిది, మనుషులు ఇంకా మంచోళ్ళు. ట్యూబులైట్లు గూడ పట్టుకపోండ్రి. కాని చుట్టే ముంగట ఒక్కొక్క పటం మొఖం చూడుండ్రి. కండ్లల్లకు చూడనీకి భయమైతె గూడ చూడుండ్రి.

ఇంటికి చేరేవరకు మధ్యాన్నం మూడైంది. పటం మొలకు పెట్టిన. అమ్మ అడుగుల సప్పుడు విని దగ్గరికొచ్చింది, దీపం యాళ్ళ గాకున్నా అద్దం మీద చెయ్యి పెట్టింది. వేళ్ళు పట్టీ కోసం కిందికి పోయినయి, మీదికి వచ్చినయి, మళ్ళ కిందికి పోయినయి. దాచలే, అంత చెప్పిన. బోర్లేసుడు కాడ నుంచి లక్ష్మమ్మ అద్దం దాక.

అమ్మ ఇన్నది. చెయ్యి మాత్రం తియ్యలే. "అయితె మూతి కనవడుతుందా?"

"కనవడుతుంది."

"నవ్వుతుండా?"

"నీకెట్ల తెలుసు?"

"నేనే గద రా నవ్విచ్చింది. ఫోటో ఆయన కదలద్దన్నడు. నేను ఆ ఫోటో తీసేటాయన వెనుక నిలవడి మీ బాపు లెక్క మీసం తిప్పిన. నువ్వు అద్దం పలగ్గొట్టినంక నీ వేలు కోసుకుంటదని పట్టీ ఏసిన. మీకు కనవడుతలేదని నాకేం ఎరుక బిడ్డా, నాకు రోజు కనవడుతనే ఉండె."

చౌకట్టు కింది మూలకు కొత్త పట్టీ ఒకటి అంటిచ్చిన, ఆమె వేలికి గుర్తు కోసం. అమ్మ దాన్ని తడిమి, "ఇగో, ఈడున్నడు" అన్నది. ఇటు అటు చెవి పెట్టి, సరోజ వంటింట్ల ఉన్నదనుకున్నంక, పటం దిక్కు తిరిగి లేని మీసం తిప్పింది.