బావగారిని నేనే గెలిపించాను

ఈ మధ్యాహ్నం మెల్‌బోర్న్ ఆఫీసులో వైటూకే కోసం పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేస్తూ, మధ్యలో ఇంగ్లండ్‌లోని ఓ జిల్లా కౌన్సిల్ వెబ్‌సైటు తెరిచాను. అక్కడ డాక్టరుగా ఉన్న మా బావగారు ఈసారి కౌన్సిలర్ ఎన్నికల్లో నిలబడ్డారు. ఫలితాల్లో ఆయన పేరే అందరికంటే పైన ఉంది. ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగిన కళ్లు కదా, పక్కనున్న అంకెలు చూడనేలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, కొత్త ఫోన్ కార్డు గీకి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. అక్క ఎత్తింది.

"బావగారు గెలిచారక్కా!" అన్నాను. అక్క ఒక్క కేక పెట్టి ఆయన్ని నిద్రలేపింది.

ఆయన ఫోన్ తీసుకుని, గొంతు తగ్గించి, "ఒరేయ్, అవి ఏబీసీడీ వరసలో వేసిన పేర్లురా. మా ఇంటిపేరు అద్దంకి కదా, పైనే ఉంటాం. ఓట్లలో ఆఖరు నేనే. రాత్రి లెక్కింపు నుంచి వచ్చి, మీ అక్కకి చెప్పలేక పడుకున్నాను" అన్నారు.

వెనకాల అక్క, "పాయసం పెడుతున్నానని వాడికి చెప్పండీ" అంటోంది.

నేను "హలో, హలో" అని, కార్డు అయిపోయినట్టు నటించి ఫోన్ పెట్టేశాను.

మన ఈ-మెయిల్ గ్రూపులో ఇలాంటి ఘనకార్యం చేసినవాళ్లెవరైనా ఉంటే, ఇప్పుడేం చేయాలో రాయండి. కార్డులో ఇంకా నలభై నిమిషాలున్నాయి.